రెండోసారి పెద్దమనిషి

నేను రెండుసార్లు పెద్దమనిషినయ్యాను. మొదటిసారి అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు. రెండోసారి బోయిగూడలో మా గల్లీ అంతటికీ తెలుసు. ఈ మాట చెబితే నా కూతుళ్ళు నవ్వుతారు, మనవరాళ్ళయితే అసలు నమ్మరు. నవ్వుకోనీ, నాకేం పోయింది. ఆ రెండింటి మధ్య గడిచిన నెలల్లో నేను మాత్రం నవ్విన గుర్తు లేదు.

సికింద్రాబాదులో మా ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉండేది. ముందు అరుగు, తరవాత నడిమి అర్ర, దానికి ఆనుకుని దేవుని గూడు, వంటిల్లు, ఆ వెనక వాకిట్లో బావి, వాకిలి చివర కట్టెల కొట్టం. కొట్టానికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీసి ఉండేది. దాని వెనక గోడ పొట్టిది, ఆ అవతల ఇరుకు గల్లీ. అమ్మ నెలకోసారి మూడు రోజులు ఆ కొట్టంలో కూర్చునేది. కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. మేమెవరం ఆమెను తాకకూడదు. అదేమిటని అడిగితే "కాకి ముట్టింది" అని చెప్పేవాళ్ళు. చాలాకాలం నేను ఆ కాకి ఎక్కడుంటుందా అని గోడ మీద వెతికేదాన్ని. అంత తెలివిగలదాన్ని.

ఇంట్లో ఉండేది నలుగురం. నాయన రైలు ఆఫీసులో గుమాస్తా. మంచివాడే, కానీ ఇంటి విషయాల్లో ఆయన నోరు తెరిస్తే అది ఆవలించడానికే. పెత్తనమంతా నాయనమ్మది. చిన్న వయసులోనే భర్త పోయాడు, అప్పటినుంచీ మడి పట్టుకుంది. ఆరేసిన ఆమె చీరను కర్రతో తీసి అందించాలి తప్ప చేత్తో ముట్టకూడదు. మడితో వండింది తప్ప తినదు. గల్లీలో ఏ నోము నోచుకున్నా, ఏ వ్రతం పట్టినా ముందు వచ్చి ఆమెనే అడిగేవాళ్ళు. ఆ గౌరవం ఆమెకున్న ఒకే ఒక్క ఆస్తి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

ఆమెకు మడితో వండిపెట్టగలిగేది ఇంట్లో ఇద్దరమే. అమ్మ, అమ్మ బయట ఉన్నప్పుడు నేను. ఇంకా ఈడు రాని ఆడపిల్లకు మైల లేదు కదా. తలస్నానం చేసి, తడిబట్టతో బావి నీళ్ళు తోడి, పొయ్యి ముట్టించి, దేవునికి దీపం పెట్టి, ఆమెకు అన్నం వార్చేదాన్ని. "నా మనవరాలు గంగలెక్క" అని అందరి ముందూ చెప్పుకునేది.

మా ఇంటి అసలు శాసనం ఇంకొకటి ఉంది. పెద్దమనిషైన పిల్లకు బడి బంద్. రాంగోపాల్‌పేట్‌లో మా పెదనాన్న కూతురు లెక్కల్లో నన్ను మించింది. ఆమెను ఈతచాప మీద కూర్చోబెట్టిన రోజే ఆమె చదువు ముగిసింది. తరవాతెప్పుడో వాళ్ళింటికి వెళ్తే చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "ఇయ్యాల బోర్డు మీద ఏం లెక్క ఏసిండ్రు?" అని అడిగింది. చెప్పాను. పుల్లతో నేల మీద చేసి చూపించింది. జవాబు సరిగ్గా వచ్చింది. వాళ్ళమ్మ పిలిస్తే చాట తీసుకుని లేచిపోయింది. నాకు ఆ రోజు పట్టిన భయం బడికి పోయే దారంతా నాతోనే నడిచేది.

మా బడి మిషను బడి. లెక్కలు చెప్పే టీచరమ్మ కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. ఓసారి వెనక బెంచీలో ఒక పిల్ల గోడకు అతుక్కుని విడిగా కూర్చుంటే టీచరమ్మ చూసింది, అర్థం చేసుకుంది. "ఇక్కడ ఎవరూ ఎడంగా కూర్చోరమ్మా. జరుగు, బోర్డు కనపడద్దూ?" అని పక్కపిల్లలను సర్ది కూర్చోబెట్టింది. అంతే, పాఠం మొదలుపెట్టింది. ఆ పిల్లను ముట్టిన చేత్తోనే సుద్దముక్క పట్టుకుంది, అది మామూలుగానే రాసింది. నేను కళ్ళప్పగించి చూశాను.

ఇక నా సంగతి. ఆ ఏడు ఎండలు ముదరకముందు ఒక మంగళవారం. బడి నీలిలంగా కట్టుకుని అప్పుడే స్నానాల తడిక దాటాను. అమ్మ వెనకనుంచి చూసి, చెయ్యి పట్టి మళ్ళీ తడికలోకి లాగింది.

"ఎవ్వలన్న చూసిండ్రా?" అంది నెమ్మదిగా.

"ఏం చూసుడు?"

లంగా చూపించింది. నాకు ఏడుపు మొదలైంది, రక్తాన్ని చూసి కాదు, చాటలో బియ్యం ఏరే అక్క గుర్తొచ్చి.

"ఏడువకు. నాయనమ్మ చూసిందా?"

"లే."

"అయితే కాలేదు," అంది అమ్మ. పాతచీర చింపి, ఎట్లా కట్టుకోవాలో చూపించింది. ఇంకో లంగా ఇచ్చింది. "బడికి ఆలస్యమైతున్నది, పో."

మా అమ్మ ఎవరికీ ఎదురు చెప్పగా నేను చూడలేదు. ఆ రోజు కూడా ఎదురు చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పలేదు, అంతే.

ఆ మరునాటినుంచి తెలిసింది ఇబ్బంది. నేను కట్టుకున్న గుడ్డలు ఎక్కడ ఉతకాలి, ఎక్కడ ఆరేయాలి? వాకిట్లో పురుగు పాకినా నాయనమ్మకు తెలుస్తుంది. అమ్మకొక ఉపాయం తట్టింది. నాకు అయిన రోజుల్లో తను వెళ్ళి కొట్టంలో కూర్చునేది. తనకు అయిందని చెప్పేది. నా గుడ్డలు ఆమె గుడ్డలుగా కొట్టంలోనే ఉతికి కొట్టంలోనే ఆరేసేది. తన రోజులు వచ్చినప్పుడు మళ్ళీ కూర్చునేది. ఆ విధంగా నెలకు రెండు విడతలు అమ్మ బయట ఉండేది.

దాని ఫలితం ఏమిటో చూడండి. ఏ మైలా లేని అమ్మ గోనెపట్టా వెనక కట్టెల మధ్య కూర్చునేది. ముట్టుతో ఉన్న నేను లోపల, తడిబట్టతో, నాయనమ్మకు మడి అన్నం వండేదాన్ని. దేవుని దీపం వెలిగించేటప్పుడు తొందరలో గీసిన అగ్గిపుల్లలు ఆరిపోయేవి. అగ్గిపెట్టె దొరకడమే కరువుగా ఉన్న రోజులు. ఒక్క పుల్ల పాడైనా నాయనమ్మ గొణిగేది. నాకు గొణుగుడు వినిపించేది కాదు. ఇప్పుడు కళ్ళు పోతాయి, ఇప్పుడు ఇల్లు అంటుకుంటుంది, ఇప్పుడు నాయనమ్మ ముద్ద గొంతుకడ్డం పడుతుంది అని కాచుకుని ఉండేదాన్ని. ఆమె తిని, చెయ్యి కడుక్కుని, తేన్చేవరకూ నేను పొయ్యి దగ్గర నుంచి కదిలేదాన్ని కాదు.

ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. అది నా అన్నం వల్లేనని నాకు అనుమానం కూడా లేదు, నిశ్చయమే. నీళ్ళు తోడే నెపంతో కొట్టం దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నాయనమ్మ సచ్చిపోతదేమో, చెప్పేస్తా," అన్నాను.

"గది ముసలితనం జరం, నీ జరం కాదు," అంది అమ్మ లోపలినుంచి. "మిరియాల కషాయం పెట్టు, తగ్గుతది. పరీక్ష ఎప్పుడు?"

జ్వరం తగ్గింది. నా భయం తగ్గలేదు. బడికి వెళ్ళడం కోసం ఇంట్లో ఊపిరి బిగబట్టుకుని బతకడం అలవాటైంది. బడికి వెళ్ళాక కూడా ఆ ఊపిరి పూర్తిగా వదలలేకపోయేదాన్ని. టీచరమ్మ నవ్వి పలకరిస్తే, ఈమెకు తెలిసిపోయిందా అనుకునేదాన్ని.

అమ్మ పడింది నాకంటే ఎక్కువ. "మంచి మనిషికి నెలకొకసారి. నీకేందే గిట్ల?" అని నాయనమ్మ అశోకపట్ట కషాయం కాచి తాగించడం షురూ చేసింది. లేని రోగానికి అమ్మ ఆ చేదంతా గిన్నెలకు గిన్నెలు తాగింది. ఎదురింటి ముత్తైదువ అరుగు మీద కూర్చుని, అమ్మకు వినపడేటట్టే, "ఒక్క పిల్లతోనే ఆగింది, గీ తక్లీఫ్ ఒకటి. మీ కొడుక్కు ఇంకో సంబంధం చూడరాదుండ్రి?" అంది. ఆ మాట విన్న రాత్రి కూడా అమ్మ నన్ను ఎక్కాలు అప్పగించమంది.

బయట ఊరు కూడా మా ఇంటిలాగే ఊపిరి బిగబట్టి ఉంది. రజాకార్ల మాటలు, పల్లెల్లో తగలబడ్డ ఇళ్ళ మాటలు. ఉప్పు దొరకదు, కిరసనాయిలు దొరకదు. చాలామంది ఈడొచ్చిన పిల్లలను బెజవాడ వైపు చుట్టాల ఇళ్ళకు పంపేశారు. "మనకా పరేషాన్ లేదు, మనది ఇంకా పిల్లనే కద," అనేది నాయనమ్మ నా తల నిమురుతూ. అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు చేసేది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం బయలుదేరిందన్నారు. బళ్ళు మూశారు, దుకాణాలు మూశారు, కర్ఫ్యూ పెట్టారు. విమానాల మోత వినిపిస్తే నాయన మమ్మల్ని నడిమి అర్రలోకి తోలి, ముందు తలుపుకూ వెనక తలుపుకూ గడియలు వేసి, వాటికి బియ్యం డబ్బా ఒకటి, తిరగలి ఒకటి అడ్డం పెట్టేవాడు. సరిగ్గా అప్పుడే నాకు నెల వచ్చింది. అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా చాప చంకన పెట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది.

తలుపుల లోపల ముగ్గురం, బయట అమ్మ. వాన పడుతోంది. నాకు కడుపులో నొప్పి. నాయనమ్మ పక్కన, ఆమె చీర అంచుకు జానెడు దూరంలో కూర్చుని ఉన్నాను. వెనక గల్లీలో ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు వచ్చింది. ఒకరు కాదు, చాలామంది. దూరంగా తుపాకీ పేలింది. ఎవరో గోడకు గుద్దుకున్నట్టయింది.

నాయన లేచి వెనక తలుపు దగ్గరికి పోయాడు. "అమ్మా, దాన్ని లోపటికి పిలుద్దాం," అన్నాడు.

"దేవుని గూటికి ఆనుకొని ముట్టుతోని ఎట్ల కూసుంటదిరా?" అంది నాయనమ్మ. "గిప్పుడు దేవునితోని సుత వైరం పెట్టుకుందామా?"

నాయన గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. తియ్యలేదు. ఆ చెయ్యిని ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. గల్లీలో మళ్ళీ అడుగుల చప్పుడు. ఆ పొట్టి గోడ దూకడం ఎంతసేపు? గోనెపట్టా తొలగించడం ఎంతసేపు? నోరు విప్పితే నా బడి అక్కడితో సరి. విప్పకపోతే అమ్మ.

"నాయనమ్మా, అమ్మకు ముట్టు కాలే," అన్నాను. "అయింది నాకు."

నాయన గోడవైపు తిరిగిపోయాడు. నాయనమ్మ నన్ను చూసింది. కోపం కాదు, ముందు అర్థమే కాలేదు ఆమెకు.

"ఎప్పటిసంది?"

"ఎండకాలం ముందటిసంది."

"ఏ వారం?"

"మంగళారం."

"ఏ లంగ మీద?"

"నీలిది. బడిది."

కళ్ళు మూసుకుంది. బయట ప్రాణాలు పోతున్నాయి, ఈమెకు వారమూ లంగా రంగూ కావాలి. మొదటిసారి ఏ వారం, ఏ బట్ట మీద, ఎవరు చూశారన్న దాన్ని బట్టి పిల్ల తలరాత చెప్పేవాళ్ళు. మంగళవారం, నీలిబట్ట అంటే అంతకంటే చెడ్డది లేదట. నేను అప్పటికే ముండమోసినట్టు నావైపు చూసింది.

"మరి మీ అమ్మ గా కొట్టంల ఏం చేస్తున్నది?"

"నా కోసం కూసున్నది."

 నాయనమ్మ వేళ్ళు మడుస్తూ పెదవులు కదిపింది. నా చేతి అన్నం తిన్న పూటలన్నీ ఆమెకు గుర్తొస్తున్నాయని నాకు తెలిసింది. చివరికి, "తలుపు తియ్యిరా, దాన్ని పిలువు," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ నాయనమ్మ కూడా లేచింది. జపమాల, పీట, రాగిచెంబు తీసుకుంది.

"ఏందమ్మా? యాడికి?" అన్నాడు నాయన.

"ఇంట్ల మడి మునిగింది. ముట్టైన పిల్ల వండింది, ముట్టైన పిల్ల దీపం పెట్టింది. మైల లేనిదాన్ని తీస్కపోయి కొట్టంల కూసోబెట్టిండ్రు. గీ ఇంట్ల గిప్పుడు మడిగున్న జాగ గదొక్కటే."

"గల్లీల మనుషులు ఉరుకుతున్నరమ్మా."

"ఉరుకనియ్యి. ముసలిదాన్ని ఎత్కపోయి ఎవ్వడేం చేసుకుంటడు?"

అమ్మ తడిసిన చీరతో లోపలికి వస్తుంటే ఆమె బయటికి వెళ్ళింది. గడపలో ఇద్దరూ ఒకరికొకరు తగలకుండా పక్కకు ఒదిగి దారి ఇచ్చుకున్నారు. తరవాత కొట్టంలో పసుపునీళ్ళు చల్లుతున్న చప్పుడు వినిపించింది. కర్ఫ్యూ ఎత్తేసేవరకూ నాయనమ్మ అక్కడే ఉంది. నానబెట్టిన పెసరపప్పు, బెల్లంముక్క తిని, బావినీళ్ళు తాగి, గట్టిగా జపం చేసుకుంటూ. ఆ వైపు ఎవరూ రాలేదు.

అమ్మను లోపలికి తెచ్చానని నేను సంతోషించబోయాను. అమ్మ తల తుడుచుకుంటూ నావైపు చూసి, "ఎందుకు చెప్పినవే?" అంది. "ఇన్ని నెలలు కూసున్నదంతా పాయె." ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. గోడ దూకేవాళ్ళకు భయపడని మనిషి నా బడి పోయిందని ఏడ్చింది.

సైన్యం వచ్చింది. బజార్లలో జెండాలు, దండలు, మిఠాయిలు. అప్పటిదాకా మేము తలుపులు వేసుకుని ఉన్నాం, ఆ రోజునుంచి మా గోడ పక్క సాయెబుల ఇంటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. నాయన పొద్దుటే వెళ్ళి ఊరంతా చూసి వచ్చి, "ఇగ మనకు భయం లేదు," అన్నాడు. ఎవరికి లేదో నాకు అర్థం కాలేదు.

నాయనమ్మ ఇల్లంతా కడిగించింది, తను తలస్నానం చేసింది, పంచాంగం చెప్పించుకుంది. నా విషయం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? ముట్టైన పిల్ల చేతి అన్నం నెలల తరబడి తిన్నదని తెలిస్తే గల్లీలో ఇంకెవరు నోము సంగతి ఆమెను అడగవస్తారు? అందుకని నన్ను మళ్ళీ పెద్దమనిషిని చెయ్యాలని నిశ్చయించింది. ఈసారి మంచి రోజున.

శుక్రవారం కుదిరింది. నాకు కొత్త తెల్లలంగా కట్టారు. నాయనమ్మ చిన్న గిన్నెలో పసుపు, సున్నం, రెండు చుక్కల నీళ్ళు కలిపి, పారాణి చిక్కగా ఎర్రబడేదాకా వేలితో తిప్పి, నా లంగా వెనక జాగ్రత్తగా అద్దింది. కొంచెం వెనక్కి జరిగి, కళ్ళు చికిలించి చూసుకుంది. ఇంకొక చుక్క వేసింది. విధవ కంట ముందు పడకూడదట, అందుకని నన్ను ముగ్గు వెయ్యమని ఇంటి ముందుకు పంపింది. ఎదురింటి ముత్తైదువ చూసింది, కేకపెట్టింది. "శుక్రారం, తెల్లబట్ట, ముత్తైదువ చూపు. ఇగ దీనికేం తక్కువ," అని గల్లీ గల్లీ తిరిగి చెప్పింది.

నన్ను ఈతచాప మీద కూర్చోబెట్టారు. కుడుకలు, బెల్లం, నువ్వుల ముద్దలు పెట్టారు. ఆడవాళ్ళు వచ్చి పాటలు పాడారు. పురోహితుడు లెక్కలు వేసి పుట్టినింటికీ మెట్టినింటికీ దీపమని చెప్పాడు. నాయనమ్మ ఎంతో శ్రద్ధగా విన్నది. తను అద్దిన పారాణి మీద ఆయన చెబుతున్న భవిష్యత్తును ఆమె నిజంగానే నమ్మిందని నా అనుమానం. నేను మాత్రం ఆ చాప మీద కూర్చుని ఒక సంగతి తెలుసుకున్నాను. నా చేతి దీపానికి దేవుడేమీ అనలేదు, నా చేతి అన్నానికి నాయనమ్మకేమీ కాలేదు, మంచి నక్షత్రం గిన్నెలో తయారవుతుంది. అంతా తెలిసి కూడా నేను ఆ చాప దిగలేను. తెలియకముందు భయం మాత్రమే ఉండేది. తెలిశాక భయం పోయి కోపం వచ్చింది, ఆ కోపంతో అక్కడే కూర్చుని ఉండాలి. అంతకంటే నరకం ఉండదు.

స్నానం చేయించి లేపిన రోజు నాయనమ్మ నా పుస్తకాలను అటక మీద పెట్టమంది. అమ్మ పెట్టింది. నాయన పేపరు చదువుకున్నాడు. నేను చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరాను.

బళ్ళు మళ్ళీ తెరిచారు. నాకు మళ్ళీ నెల వచ్చింది. ఆ పొద్దున కొట్టంలోకి పోదామని చాప తీసుకుంటే అమ్మ నా చేతిలోంచి చాప లాక్కుంది. పుస్తకాల సంచి ఇచ్చింది. ఎప్పుడు దించిందో. "బడికి పో," అని తను వెళ్ళి కొట్టంలో కూర్చుంది.

"ఏందే ఇది?" నాయనమ్మ వాకిట్లోకి వచ్చింది. "నీకు కాలేదు కద, నాకు తెల్వదా?"

"మీకు తెలుసు అత్తమ్మా. గల్లీల ఎవ్వలకు తెల్వదు," అంది అమ్మ మెల్లగా. "నెలకు రెండుసార్లు నేనెందుకు కూసున్ననో చెప్పుమంటే చెప్తా."

మా అమ్మ గొంతేనా అది అనిపించింది. నాయనమ్మ గబుక్కున వీధి తలుపు వైపు చూసింది. నేను మాత్రం ఇంక నిలబడలేదు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బడికి పరుగెత్తాను. టీచరమ్మ హాజరు వేసుకుని, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు. "వెనకబడ్డావు, ముందు బెంచీలో కూర్చో," అంది. నేను ముందు బెంచీలో కూర్చున్నాను. బోర్డు మీద లెక్క కనిపిస్తోంది, కానీ కళ్ళ ముందు కట్టెల మధ్య అమ్మే ఉంది. తాళం తీసి నన్ను వదిలి, ఆ తాళమే ఆమెకు వేసినట్టుంది.

మూడు పూటలు గడిచాయి. నా చేతిది నాయనమ్మ ముట్టదు, అమ్మ లోపలికి రాదు. డెబ్బై దాటిన మనిషి తనే పొయ్యి ముట్టించుకోవాల్సి వచ్చింది. వానకు కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. రెండోరోజు సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. ఆరిపోయిన పొయ్యి ముందు ఆమె కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి. పప్పు అడుగంటింది, అన్నం ఉడకలేదు. నాకు జాలేసింది. జాలి వేసినందుకు కోపమూ వచ్చింది.

"లోపటికి రావే," అని కొట్టం వైపు అరిచింది. "నీకు మైల లేదాయె. వచ్చి పొయ్యి ముట్టియ్యి."

"నేనొస్తే బిడ్డ కూసోవాలె గీడ," అంది అమ్మ. "దాని బడి పోతది అత్తమ్మా."

నాయనమ్మ ఊదుగొట్టంతో పొయ్యిలో బూడిద కెలికింది. తరవాత పొయ్యితోనే మాట్లాడుతున్నట్టు అంది. "పొద్దంత బడిల ఉంటది. ఇంట్ల లేని పిల్లతోని ఇంటికేం మైల? పోనియ్యి బడికి. వచ్చినంక మాత్రం కొట్టంలనే ఉండాలె. నువ్వు వచ్చి జెర వండు."

అట్లా నాకు బడి దక్కింది. ఆకలి వల్ల దక్కింది, ప్రేమ వల్ల కాదు. దక్కితే చాలు. ఆ సాయంత్రమే నేను మొదటిసారి కొట్టంలో కూర్చున్నాను. అమ్మ లేచి లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

కాళ్ళు చాపుకుందామంటే కట్టెలు అడ్డం. నిటారుగా కూర్చుందామంటే పైకప్పు రేకు తలకు తగులుతుంది. వంటింటి చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి, గోడ తప్ప ఏమీ కనపడదు. వెనక గల్లీలో ఎవరైనా దగ్గితే చెవి దగ్గరే దగ్గినట్టుంటుంది. ఇక్కడ, ఈ చాప మీద, చేతిలో ఏ పనీ లేకుండా, తుపాకులు పేలుతుంటే కూడా, నా కోసం కూర్చుంది అమ్మ. నాకు ఏడుపు ఆగలేదు. నాయనమ్మ మీద, గడియ తియ్యని నాయన మీద, అందరి మీదా కసితో ఏడ్చాను.

అమ్మ అన్నం తెచ్చింది. కంచం గోనెపట్టా అవతల పెట్టి వెళ్ళిపోవాలి, అది పద్ధతి. కంచం పెట్టింది. వెళ్ళలేదు. పట్టా ఎత్తి, వంగి లోపలికి వచ్చి నా పక్కనే భుజానికి భుజం తగిలేట్టు కూర్చుంది. కొంగుతో నా మొహం తుడిచింది.

"అమ్మా, నన్ను ముట్టుకున్నవ్."

"ముట్టుకున్న. ఒక్కదాన్నే కూసుంటే ఎట్ల ఉంటదో నాకు తెలుసు."

వంటింటి గడపలోంచి నాయనమ్మ చూసింది. "ఓసి, దాన్ని ముట్టుకుంటివా? రేపు నాకెవ్వలు వండాలెనే?"

అమ్మ తొందరేమీ పడలేదు. సంచిలోంచి నా లెక్కల పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఆలోచించుకోండ్రి అత్తమ్మా," అంది. "మేమిద్దరం గీడనే ఉన్నం."

తెల్లవారాక నాయనమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది, తిట్టుకుంటూనే. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను స్నానం చేసి, మూడు రోజులు ఇంకా నిండకుండానే వంటింట్లో కూర్చుని అన్నం తిని, బడికి పోయాను.